నెత్తురు పెట్టె

బొడ్డమ్మ ఒక డాక్టరు చెయ్యి విరగ్గొట్టిందని పలాసలో అందరూ చెప్పుకుంటారు. చెప్పే నోటిని బట్టి ఆయుధం మారుతుంది. కాశీబుగ్గ బస్టాండులో అది కొబ్బరి కత్తి, మోచేతి కింద ఒక్క వేటు. జీడి ఫ్యాక్టరీల దగ్గర అది రోకలి. మందస వెళ్లే బస్సులో ఒకాయన నా ముందు సీట్లో కూర్చుని, ఆవిడ డాక్టరు వేలు కొరికి మింగేసిందనీ, వేలితో పాటు ఉంగరం కూడా కడుపులోకి పోయిందనీ చెప్పాడు.

"మరి ఉంగరం మర్నాడైనా దొరికినాదేటి బావా?" అని పక్కనాయన అడిగాడు. బస్సంతా నవ్వింది.

ఎవరు ఎలా మొదలుపెట్టినా చివరికి ఒక్కచోటికే వస్తారు. డాక్టరు చెయ్యి విరిచిన మనిషిని ఆ డాక్టర్ల సమాజమే పలాసలో తమ కేంద్రంలో పనికి పెట్టుకుంది. ఎందుకు? భయం. ఆవిడంటే వాళ్లకి భయం. నాతోపాటు ఫ్యాక్టరీలో జీడిపప్పు పొట్టు తీసే కుసుమ అయితే ఇంకో మెట్టు పైకెక్కేది. "ఊరికే ఇత్తారేటే పని? జైల్లో ఉండాల్సిన మనిసికి సీపురిచ్చి, ఎనకాల గదిచ్చి, జీతం కూడానా? పెద్దోల్ల గుట్టేదో దాని సేతిలో ఉంది. నువ్వు ఆ ఊరిదానివే కదా, సెప్పవేటే?"

నేను తల వంచుకుని పొట్టు తీసేదాన్ని. బొడ్డమ్మది మా ఊరే. వరసకి అత్త. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను కూడా. కానీ నేను చూసింది పలాస చెప్పుకునేదానికి పెద్ద తేడాగా లేదు. ఆవిడ కర్ర ఎత్తడం చూశాను. డాక్టరు చెయ్యి విరిగిన చప్పుడు విన్నాను.

మా ఊరు మందస నుంచి సముద్రం వైపు ఉంటుంది. కొబ్బరి, జీడి, కాళ్ల కింద ఇసుక. బొడ్డమ్మ మొగుడు దాలయ్య మావ కొబ్బరి చెట్లెక్కేవాడు. ఊళ్లో ఆయనంత వేగంగా చెట్టెక్కేవాడు లేడు, ఆయనంత వేగంగా చెయ్యి చేసుకునేవాడూ లేడు. కూర చల్లారితే ఒక దెబ్బ, వేడిగా ఉంటే ఇంకో దెబ్బ. చెట్టెక్కే తాడు మెలిపెట్టి వీపు మీద కొడితే ఆ చప్పుడు మా వంటింటికి వినిపించేది. మా అమ్మ పొయ్యి ఊదడం ఆపి, "మొదలెట్టీసినాడు" అనేది. మళ్లీ పొయ్యి ఊదుకునేది.

బొడ్డమ్మ ఇంటి దగ్గరే జీడి పిక్కలు కొట్టేది. అప్పట్లో మా వీధిలో చాలామంది ఆడవాళ్లకి అదే పని. కాల్చిన పిక్కని రాయి మీద నిలబెట్టి పొట్టి కర్రతో కొట్టాలి. మెల్లగా కొడితే పెంకు పగలదు. గట్టిగా కొడితే లోపలి గుండు, అంటే నిండు పప్పు, బద్దలైపోతుంది, బద్దలకి షావుకారు మొహం చిట్లిస్తాడు. పెంకులో ఉండే రసం ఒంటికి తగిలితే కాలుతుంది. అందుకని చేతులకి బూడిద రాసుకుని కూర్చునేవారు. ఎంత రాసుకున్నా చేతులు నల్లబడేవి, తోలు లేచిపోయేది, వేళ్లు వంకర్లు పోయేవి. అందుకే మా వైపు ఒక ఆడమనిషి చేతులు ఎలా ఉన్నా, ఏమైందని ఎవరూ అడగరు.

బొడ్డమ్మ కర్రకి గుండు పగిలేది కాదు. ఒకసారి దాలయ్య మావ వెనకనుంచి వచ్చి జుట్టు పట్టుకుంటే, ఆవిడ కూర్చున్న చోటినుంచే తిరిగి ఆయన ముంజేతి మీద ఆ కర్రతో ఒక్కటేసింది. ఆయన గావుకేక పెట్టాడు. ఎముక విరగలేదు గాని వాపు తగ్గేదాకా చెట్టెక్కలేకపోయాడు. వీధిలో ఆడవాళ్లు మూగారు.

"సంపీసినావేటే మొగుణ్ని?"

"పెంకు మీదే కొట్టినాను," అంది బొడ్డమ్మ. "గుండు బాగానే ఉంది."

ఆ నవ్వు మా వీధిలో చాలాకాలం నిలిచింది. ఆ తరవాత కూడా దెబ్బలు ఆగలేదు. ఆయన కాళ్లు వాచడం మొదలయ్యాకే ఆగాయి. మొహం ఉబ్బింది, తిండి సయించలేదు, వాంతులు. మా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు లేని వీధి లేదు, ఆ లక్షణాలు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆయన కొట్టడానికి చెయ్యి ఎత్తేవాడు, ఎత్తిన చేతిని ఒకసారి చూసుకునేవాడు, దించేసేవాడు. బొడ్డమ్మ ఆ చేతిని పట్టుకుని మంచం మీద పెట్టి గంజి తాగించేది.

డాక్టర్ల సమాజం మా ఊరికి వచ్చింది అప్పుడే. పేరు భారత గ్రామీణ వైద్య సమాజం. మా వాళ్లకి అంత పేరు నోరు తిరగక కిడ్నీల సంఘం అనేవారు. వాళ్లు రావడం అది మొదటిసారి కాదు. అంతకుముందు కూడా వచ్చారు, నెత్తురు తీసుకున్నారు, మూత్రం సీసాల్లో పట్టుకెళ్లారు, బావి నీళ్లు పట్టుకెళ్లారు. ఎవరికి ఏమి తేలిందో చెప్పడానికి మాత్రం ఎవరూ తిరిగి రాలేదు. ఎక్కడో పెద్ద సభలో మా వాళ్ల ఉబ్బిన మొహాలు తెర మీద వేసి చూపించారట. అందులో ఒక ఫొటో పేపర్లో పడింది. అప్పట్నుంచీ ఉద్దానం పిల్లంటే సంబంధానికి వచ్చినవాళ్లు మంచినీళ్లు కూడా ముట్టకుండా లేచిపోయేవారు. ఊళ్లో కోపం అక్కడ పుట్టింది. అది రగులుతూనే ఉంది.

ఈసారి వచ్చిన జట్టుకి పెద్ద, ఆపరేషన్లు చేసే డాక్టరు సూర్యప్రకాష్ గారు. సన్నటి మనిషి, మెత్తటి గొంతు. మా బడిలో శిబిరం పెట్టారు. నేను ఏడో తరగతి, మా తరగతి గదిలోనే నెత్తురు తీసే బల్లలు వేశారు. తీసిన గొట్టాలన్నీ మంచు నింపిన ఒక నీలం పెట్టెలో పెట్టేవారు. బడి బయట వాళ్ల వ్యాను, దాని డ్రైవరు తాతారావు. పిల్లలం ముట్టుకుంటే హారన్ కొట్టి బెదిరించి, మళ్లీ తనే నవ్వేవాడు.

మొదటిరోజు దాలయ్య మావని మంచంతో సహా మోసుకెళ్లి నెత్తురు తీయించారు. మర్నాడు పొద్దున్న ఆయన చచ్చిపోయాడు.

నెత్తురు తీసినందుకే పోయాడని కొందరన్నారు. పెద్దవాళ్లు ఆ మాట పట్టించుకోలేదు. వాళ్లకి ఇంకో దిగులు పట్టుకుంది. ఒంట్లోంచి తీసింది ఒంటితోనే కాలాలి. మనిషి ఒకచోట, నెత్తురు ఒకచోట ఉంటే ఆ మనిషి ఇల్లు వదలడు. పాడె కట్టేలోపు దాలయ్య నెత్తురు తెచ్చి పక్కన పెట్టాలన్నారు. అందరికంటే గట్టిగా అన్నది బొడ్డమ్మే.

"బతికున్నన్నాల్లూ ఆడి సేత దెబ్బలు తిన్నాను. సచ్చి కూడా నా గుమ్మం పట్టుకుని తిరగాలేటి? తెమ్మనండి."

ముగ్గురు పెద్దలు బడికి వెళ్లి మర్యాదగానే అడిగారు. నేను ఆ గదికి వంటషెడ్డు వైపున్న కిటికీ బయట ఉన్నాను, అన్నీ వినిపించాయి. సూర్యప్రకాష్ గారు చేతులు జోడించి, జరిగినదానికి బాధపడుతున్నానని చెప్పి, "ఆ శాంపిల్ ఇవ్వలేను. చనిపోయిన మనిషిది కాబట్టి అది మాకు ఇంకా విలువైనది," అన్నారు.

ఆయన ఏ అర్థంలో అన్నారో నాకు ఇప్పుడు తెలుసు. ఆ మాట వీధి చివరికి చేరేసరికి ఇలా అయింది. "సచ్చినోడి నెత్తురికి రేటెక్కువంట. అమ్ముకుంతారంట."

అంతే. సరుగుడు కర్రలు వచ్చాయి, కొబ్బరి కత్తులు వచ్చాయి. ముందు వ్యాను అద్దాలు పగిలాయి. లోపల పడుకున్న తాతారావు లేచి తలుపు తీసేలోపు ఎవరో కిరసనాయిలు గుమ్మరించి అంటించారు. ఆయన మంటలోంచి బయటికి దూకాడు. మొహం ఒకవైపు కాలిపోతోంది. ఆ కాలే మొహంతోనే ఇసకలో పడి దొర్లాడు. దొర్లుతున్న మనిషిని కూడా ఇద్దరు తన్నారు. నర్సమ్మలు వెనక గోడ దూకి జీడితోటలోకి పరిగెత్తారు. ఒకావిడ చీర ముళ్లకంచెకి చిక్కుకుంటే చింపుకుని పోయింది.

సూర్యప్రకాష్ గారు గది తలుపు వేసుకున్నారు. తలుపు రెండు తన్నులకి ఊడింది. ఆయన ఒక మూల నేలమీద కూర్చుని నీలం పెట్టెని కడుపులోకి లాక్కుని, దాని పట్టీని చేతికి చుట్టుకుని పట్టుకున్నారు. తన్నారు. వీపు మీద కర్రలు విరిచారు. నోట్లోంచి నెత్తురు కారుతోంది. "ఇవ్వు" అంటున్నారు వాళ్లు, ఆయన తల అడ్డంగా ఆడిస్తున్నారు. ఆయన ఏడుస్తున్నారు కూడా. వదల్లేదు.

అప్పుడు వచ్చింది బొడ్డమ్మ. శవం దగ్గర కూర్చోవాల్సిన మనిషి. జుట్టు విరబోసుకుని, బొట్టు ఇంకా తుడవకుండా, చేతిలో పిక్కలు కొట్టే కర్ర. "జరగండొరే," అంటే మగాళ్లు దారి ఇచ్చారు. పోయింది ఆవిడ మొగుడు.

ఆవిడ వంగింది. "ఒగ్గీ బాబూ. నీకు దండం ఎడతాను, ఆ పెట్టె ఒగ్గీ."

ఆయన తల ఆడించారు.

కర్ర లేచింది, పడింది. పిక్క పగిలినట్టే వినిపించింది, కాకపోతే తడిగా. డాక్టరు అరుపు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. పెట్టె జారిపోయింది. గొట్టాలు నేలమీద దొర్లాయి. ఏది దాలయ్యదో ఎవరికీ తెలియలేదు, అన్నిటిమీదా అంకెలే. ఎవరిది ఏదో తేలక పెట్టె మొత్తం శ్మశానానికి మోసుకెళ్లి, ఊరంతటి నెత్తురూ దాలయ్య చితి మీద పోశారు.

కానీ పెట్టె వెళ్లినా అందరూ వెళ్లలేదు. కొందరు కుర్రాళ్లు గదిలోనే ఉండిపోయారు. ఆ తరవాత నేను చూడలేదు. వ్యాను పొగ కిటికీని కమ్మేసింది, మా అమ్మ వచ్చి నన్ను జబ్బ పట్టుకుని ఈడ్చుకుపోయింది. మధ్యాహ్నం పోలీసులు వచ్చి బల్లల కింద సూర్యప్రకాష్ గారిని స్పృహ లేకుండా కనుక్కున్నారు. పక్కటెముకలు, చెయ్యి విరిగాయి. తల మీద మాత్రం ఒక్క దెబ్బ లేదు. అదృష్టం అన్నారు.

తరవాత ఊరి వంతు వచ్చింది. దొరికిన మగాళ్లని లారీలెక్కించారు. దొరకనివాళ్లు ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో తలదాచుకున్నారు. మా నాన్నని అరికాళ్ల మీద కొట్టారు. ఇంటికి వచ్చాక ఆయన మోకాళ్ల మీద పాక్కుంటూ పెరట్లోకి వెళ్లడం నేను చూశాను. బొడ్డమ్మ పేరు ఎవరూ చెప్పలేదు. కేసు ఏళ్ల తరబడి నడిచి సాక్షులు లేక వీగిపోయింది. నా చదువు పదో తరగతి దగ్గర ఆగింది. అప్పటికి మా నాన్నకీ కాళ్లు వాచాయి.

బొడ్డమ్మ పిక్కల పని మానేసింది. కొడుకు నిరంజన్‌ని తీసుకుని పలాస వచ్చి, అక్కడా ఇక్కడా ఊడ్చి బతికింది. "పిక్కలు కొట్టడంలో నీకంటే గొప్పోల్లు లేరు కదత్తా, ఎందుకు మానేసినావు?" అని ఒకసారి అడిగాను. "ఆ పొగ పడతం లేదే," అంది.

కొన్నేళ్లకి సమాజం వాళ్లు మళ్లీ వచ్చారు. ఈసారి ఊళ్లోకి రాలేదు, పలాసలో ఒక పరీక్షల కేంద్రం కట్టారు. ఫలితం మనిషి చేతికి ఇచ్చి, అర్థమయ్యేలా చెప్పి పంపాలని నియమం పెట్టుకున్నారు. ఊడ్చే మనిషి కావాలన్నారు, బొడ్డమ్మ వెళ్లి అడిగింది, పెట్టుకున్నారు. ఆవిడ ఎవరో వాళ్లకి తెలియదు. అడగలేదు, ఆవిడ చెప్పలేదు. వెనక గదిలో తల్లీకొడుకులు ఉండేవారు. ఎడమ చేత్తో ఊడ్చేది. ఎడమచేతి వాటం కాబోలు అనుకున్నారు.

మొన్న సమాజానికి డెబ్బై అయిదేళ్లు నిండాయి. దేశంలో ఉన్న కేంద్రాలన్నిటిలో ఉత్సవం. పలాస కేంద్రం గుమాస్తా ఫణిశంకర్ గారు టెక్కలి మనిషి, నుదుట ఎప్పుడూ గంధం బొట్టు ఉంటుంది. సమాజం చరిత్ర మొత్తం అట్టల మీద అంటించి హాలు గోడలకి పెట్టే పని ఆయన మీద పడింది. సాయానికి మనిషి కావాలంటే బొడ్డమ్మ నన్ను పిలిచింది. నేను జిగురు రాసేదాన్ని, ఆరేలోపు చదివేదాన్ని. బొడ్డమ్మ నిచ్చెన పట్టుకుని, "ఇందులో ఏటుందే?" అని అడిగేది.

కలకత్తాలో ఒక డాక్టరు మేడ మీద కొందరు కూర్చుని మొదలుపెట్టారట ఆ సమాజం. పట్నంలో పేరున్న డాక్టర్లు పల్లెకి పోరు, మనం పోదాం అనుకున్నారట. కానీ ఆ చరిత్ర నిండా దెబ్బలే. కలరా సూదులు వేయబోయిన ఇద్దరు కుర్ర డాక్టర్లని ఒక ఊళ్లో బావిలోకి తోసేశారు. ఒకరే బయటికి వచ్చారు. మశూచి టీకాలప్పుడు వీళ్లూ తక్కువ తినలేదు. ఒక కొండ ఊళ్లో ఆడవాళ్లని తాళ్లతో కట్టి టీకా పొడిచారట, దానికి తరవాత ఒక అధ్యక్షుడు సభలో క్షమాపణ చెప్పాడట. అదీ రాశారు.

"పరవాలేదే, దాసుకోలేదు," అంది బొడ్డమ్మ.

చివరి అట్ట ఉద్దానానిది. కాలిన వ్యాను ఫొటో. కింద అక్షరాలు. నేను జిగురు రాయడం మర్చిపోయి నిలబడ్డాను.

"సదువు."

"ఆ దాడిలో... గుర్తు తెలియని ఒక స్త్రీ కర్రతో కొట్టి డాక్టర్ సూర్యప్రకాష్ గారి చెయ్యి విరిచింది. ఆయన మళ్లీ ఆపరేషన్ చేయలేకపోయారు."

బొడ్డమ్మ వ్యాను ఫొటో వైపు చూస్తూ ఉండిపోయింది. "మల్లీ సెయ్యలేకపోనాడా?" అంది. నిచ్చెన వదిలేసి వెళ్లిపోయింది.

పలాస మాట గుమాస్తా గారి చెవిన ఎప్పటికైనా పడేదే. ఉత్సవానికి ముందురోజు సాయంత్రం టీకొట్టు దగ్గర పడింది. ఆయన వేగంగా వచ్చి హాల్లో తలుపు దగ్గర బొడ్డమ్మని నిలబెట్టారు.

"ఏమమ్మా, ఊరంతా అంటున్నది నిజమేనా? ఆ స్త్రీ నువ్వేనా?"

"నానే బాబూ."

ఆయన కాదంటుందనుకున్నారు. గోడకి ఆనుకున్నారు. "రేపు జాతీయ అధ్యక్షుడు గారు వస్తున్నారు. ఆయనతో సూర్యప్రకాష్ గారే వస్తున్నారు. నువ్వు చీపురు పట్టుకుని ఎదురుపడితే నా ఉద్యోగం ఏం కావాలి? పొద్దున్నే సామాన్లు తీసుకుని వెళ్లిపో."

"ఎక్కడికి బాబూ? నిరంజన్‌కి కాల్లు వాపు మొదలైంది. ఇంకో పని సెయ్యలేను నాను."

"చెయ్యలేకపోవడమేంటి, ఇన్ని జీడి ఫ్యాక్టరీలుండగా?"

బొడ్డమ్మ కుడి చెయ్యి కొంగు కిందికి లాక్కుంది. ఆయన సంతోషంగా ఏమీ అనలేదు ఆ మాట. కళ్లజోడు తుడుచుకుంటూ నా వైపు చూసి, "నువ్వు జిగురు రాయి," అన్నారు.

పొద్దున్న మూటలు కట్టడానికి నేను వెళ్లాను. నిరంజన్ ఆటో కోసం వెళ్లాడు. బొడ్డమ్మ మూట పక్కన పెట్టి వెనక నడవా ఊడుస్తోంది. "పోతూ పోతూ ఎందుకత్తా?" అంటే, "దుమ్ములో ఎట్టి పోతానేటే," అంది.

అధ్యక్షుడి కంటే ముందే బయల్దేరిన సూర్యప్రకాష్ గారి కారు అప్పటికే ముందు గేటు దగ్గర ఆగింది. దాన్ని నడిపింది తాతారావు. ఒకవైపు మొహం ముడతలు పడి, కన్ను సగం మూసుకుపోయి ఉంది. టీ తాగడానికి వెళ్లినవాడు ఏం విన్నాడో, పరుగులాంటి నడకతో వెనక నడవాలోకి వచ్చాడు.

"బొడ్డమ్మ నువ్వేనేటే?"

ఆవిడ తల ఎత్తి ఆ మొహం చూసింది. "నానే బాబూ," అంది.

జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. ఒకసారి, మళ్లీ ఒకసారి. గోడ మీద నెత్తురు మరక పడింది. "నా మొగం సూడు. నా కూతురు నా మొగం సూసి దుప్పటి కప్పుకునేది. సూడవే ముండా!" కింద పడితే కడుపులో తన్నాడు. నేను అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. అతను మూల ఉన్న తడిగుడ్డ కర్ర లాక్కుని పైకెత్తాడు. బొడ్డమ్మ కుడి ముంజేయి తలకి అడ్డం పెట్టింది. దెబ్బ దాని మీద పడింది. మళ్లీ ఎత్తాడు.

"తాతారావ్!"

సూర్యప్రకాష్ గారు నడవా మొదట్లో నిలబడి ఉన్నారు. జుట్టు తెల్లబడింది. తాతారావు చేతిలో కర్ర అలాగే ఆగింది. "ఇదే సార్. మీ సెయ్యి ఇరిసింది ఇదే," అన్నాడు. అతని సగం కంట్లోంచి నీళ్లు కారుతున్నాయి.

డాక్టరు గారు కర్ర తీసుకుని పక్కన పెట్టారు. బొడ్డమ్మ ఎదురుగా నేలమీద కూర్చున్నారు. చాలాసేపు ఆవిడ మొహం చూశారు. గుర్తుపట్టారని నాకు తెలిసింది, ఎందుకంటే ఆయన ఎడమ చెయ్యి తన కుడి ముంజేతి మీదికి వెళ్లింది. అయినా వృత్తి కదా, ఆవిడ చేతిని పట్టుకుని తడిమారు. కొత్త వాపు మీద ఆయన వేళ్లు ఆగలేదు. దానికి కొంచెం కింద ఆగాయి.

"ఇది ఇవాళ్టిది కాదు. పాతది. విరిగి, వంకరగా అతుక్కుంది. ఎవరూ కట్టు కట్టలేదా?"

"లేదు బాబూ."

"ఇక్కడ ఎముక విరిగిందంటే ఇందాకట్లాగే చెయ్యి అడ్డం పెట్టి ఉండాలి. ఎవరి దెబ్బకి? నీ మొగుడా?"

"ఆడు కాదు బాబూ. ఆడు అప్పటికి పాడె మీదున్నాడు." బొడ్డమ్మ నోట్లోని నెత్తురు కొంగుతో తుడుచుకుంది. "పెట్టె ఎల్లిపోనాది, మరి ఎల్లిపోతారనుకున్నాను. ఒకడు దుంగ తెచ్చినాడు. తవరు తెలివి లేక పడిపోయున్నారు. తవరి నెత్తి మీద ఎత్తినాడు."

సూర్యప్రకాష్ గారు తన నెత్తి తడుముకున్నారు. "నా చెయ్యి ఎందుకు కొట్టావు మరి?" అన్నారు.

"తవరు ఒగ్గలేదు కదా. ఆ పెట్టె ఉన్నంతసేపూ ఆల్లు కొడతారు. కోపం లేదా అంటే, ఉంది. కోపం కూడా ఉంది."

"అర్థమయ్యేలా అడిగి ఉంటే ఇచ్చేవాణ్ని."

"అడిగినాం బాబూ. ఊరంతా అడిగినాం."

ఆయన తల వంచుకున్నారు. "కొట్టినవాడు ఎవరు?"

"ఆడూ పోనాడు బాబూ. కిడ్నీలే."

అది పరీక్షల కేంద్రం, ఎముకలకి కట్టే బద్దలు లేవు. సూర్యప్రకాష్ గారు లేచి హాల్లోకి వెళ్లి చివరి అట్టని గోడనుంచి పీకారు. మోకాలికి ఆనించి రెండుగా విరిచారు.

"సార్, అది చరిత్ర సార్!" అన్నారు ఫణిశంకర్ గారు.

"గట్టిగానే ఉంది," అన్నారు డాక్టరు గారు. కాలిన వ్యాను సగం చేతికి పైన, సగం కింద పెట్టి గుడ్డ చుట్టారు. ముడి దగ్గర ఆగిపోయారు. "నువ్వెయ్యమ్మా ముడి. నా చెయ్యి అంత తిరగదు," అని నాతో అన్నారు. వేశాను.

జాతీయ అధ్యక్షుడు వచ్చినప్పుడు ఆ గోడ మీద ఒక అట్ట పట్టేంత చోటు ఖాళీగా ఉంది. ఎందుకని ఆయన అడిగితే, "ఇంకా రాయాలి," అన్నారు సూర్యప్రకాష్ గారు. ఆటో వచ్చింది. ఫణిశంకర్ గారు తనే బయటికి వెళ్లి దాన్ని పంపేశారు. తాతారావు ఆ రోజంతా కారు దిగలేదు.

బొడ్డమ్మ ఇప్పటికీ ఆ కేంద్రంలోనే ఊడుస్తోంది, ఎడమ చేత్తోనే. పలాసలో మాట మాత్రం పెరిగింది. ఉత్సవం నాడు డ్రైవర్ని కూడా కొట్టిందట. కుసుమ నన్ను మోచేత్తో పొడిచి, "ఎన్ని సేతులు ఇరిసిందే మీ అత్త ఇప్పటికి?" అని అడుగుతుంది.

ఆ రోజు బడిలో విరిగినవి రెండు చేతులు. ఒకటి డాక్టరు గారిది. రెండోది బొడ్డమ్మది.